అరికాలి మచ్చ – వెన్నునొప్పి

నడుమునొప్పి, వెన్నునొప్పి ఎరుగని ఇల్లు అరుదు. దినమంతయు వంగి నాట్లు వేసిన స్త్రీకిని, కుర్చీలో కూర్చుండి లెక్కలు వ్రాసిన గుమాస్తాకును, బస్సు నడపు డ్రైవరుకును అది పరిచితమైనదే. అందులో అత్యధిక భాగము కండరముల అలసటవలన కలుగునదే. కొన్ని దినముల విశ్రాంతితోను, కొద్దిపాటి మందుతోను తగ్గిపోవును. కావున వెన్నునొప్పి యనగానే భయపడవలసిన పని లేదు. అయినను అరుదుగా వచ్చు వెన్నునొప్పి యొకటి కలదు. దాని మూలము వెన్నులో ఉండదు. ఏండ్ల క్రితము అరికాలిలోనో, బొటనవ్రేలి గోటి క్రిందనో పుట్టిన నల్లమచ్చలో ఉండును. చర్మమున పుట్టిన కేన్సరు వెన్నెముకకు ప్రాకుటవలన కలుగు నొప్పి అది. దానిని గుర్తించు విధమును, చికిత్సను ఈ ప్రసంగములో వివరింప తలచితిమి. శ్రోతలు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటే: ఈ వ్యాధిలో కాళ్ళు పట్టు తప్పుటకును, పూర్తిగా పడిపోవుటకును నడుమ గల వ్యవధి వారములు కాదు, కొన్ని గంటలు మాత్రమే కావచ్చును.

ఒక రైతును తలచుకొందము. ఆయన వయస్సు 55 సంవత్సరములు. మడమ చెంత అరికాలిపై నల్లని మచ్చ యొకటి బయలుదేరినది. ముల్లు గుచ్చుకొని నెత్తురు గడ్డకట్టినదని ఒకరు, ఆనెకాయ యని మరియొకరు చెప్పిరి. ఆయన బ్లేడుతో చెక్కించెను, సున్నము పెట్టించెను, మచ్చ తగ్గలేదు. తుదకు పట్టణములో ఒక వైద్యుడు మత్తుసూది వేసి దానిని కోసి తీసివేసెను. తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. పుండు మానినది, మచ్చ సంగతి అందరును మరచిరి. నాలుగేండ్లు గడచిన పిమ్మట వీపు నడుమ ఒక నొప్పి మొదలైనది. ఈ రైతు మా కల్పితుడే గాని ఇట్టి వృత్తాంతము కేన్సరు వైద్యులకు క్రొత్త కాదు.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన కేన్సరు చర్మమునకు వచ్చినప్పుడు ముఖ్యముగా మూడు రూపములలో కనబడును. మొదటిది బేసల్ కణముల కేన్సరు. ఇది ఉన్నచోటనే మెల్లగా తొలుచుకొనిపోవును. దూరపు అవయవములకు ప్రాకుట మిక్కిలి అరుదు. రెండవది స్క్వేమస్ కణముల కేన్సరు. ఏండ్లతరబడి మానని పుండ్లలోను, పాత కాలిన మచ్చలలోను ఇది పుట్టుట కలదు. కొన్ని వేళల ప్రాకును. మూడవది మెలనోమా. చర్మమునకు రంగునిచ్చు మెలనిను అను పదార్థమును తయారుచేయు కణములలో ఇది పుట్టును. మూడింటిలో అరుదైనది ఇదే, ప్రమాదకరమైనది ఇదే. తరువాతి కాలమున స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు రెనె లెన్నెక్ 1804లోనే ఈ నల్లని వ్యాధిని ప్రత్యేకమైనదిగా గుర్తించి పారిసులో వివరించెను.

మెలనోమా తెల్లని చర్మము గల జనులలో ఎక్కువ. ఎండ తీక్షణముగా నుండు ఆస్ట్రేలియాలో మరియు ఎక్కువ. మన చర్మములోని నలుపు ఎండ దెబ్బనుండి మనలను చాలవరకు కాపాడుచున్నది. కాని దీనిని నమ్ముకొని 'ఇది మన వ్యాధి కాదు' అనుకొనుట పొరపాటు. అరికాలు, అరచేయి, గోటి అడుగుభాగము - ఈ మూడు తావులలో పుట్టు మెలనోమాకు ఎండతో సంబంధము అంతగా లేదు. నల్లని చర్మము వారికిని అది వచ్చును. మనవారిలో కనబడు మెలనోమాలలో ముఖ్యమైన రకము ఇదియే. జమైకా దేశపు సుప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివ్రేలి గోటి క్రింద కనుగొనబడినది ఈ రకపు మెలనోమాయే. అది లోపలి అవయవములకు ప్రాకగా 1981లో, 36 ఏండ్ల వయస్సున ఆయన మరణించెను.

మామూలు పుట్టుమచ్చను ఈ చెడ్డ మచ్చనుండి వేరుచేయుటకు అయిదు గురుతులు చెప్పుదురు. మచ్చ ఒక సగము రెండవ సగమువలె ఉండకపోవుట. అంచు గతుకులుగా నుండుట. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు మొదలగు పలురంగులు కనబడుట. అడ్డుకొలత 6 మిల్లీమీటర్లకు మించుట. అన్నిటికంటె ముఖ్యముగా, నెలలు గడచుకొలది మచ్చ మారుచుండుట. గోటిపై నిలువుగా సాగిన నల్లని చార నానాటికి వెడల్పగుచు గోటి మొదటి చర్మమునకు ప్రాకినను అనుమానింపవలెను. అట్టి మచ్చను బ్లేడుతో చెక్కుట, సున్నముతోను జీడితోను కాల్చుట తగదు. వైద్యుడు దానిని తీసి, ముక్క పరీక్షకు పంపవలెను. మచ్చ చర్మములో ఎంత లోతునకు దిగినదో మిల్లీమీటర్లలో కొలుచు పద్ధతిని అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో ప్రతిపాదించెను. నేటికిని రోగి భవిష్యత్తును తెలుపు కొలతలలో అదియే ప్రధానమైనది. ఒక మిల్లీమీటరు లోతు దాటకముందే తీసివేసినవారిలో అధికసంఖ్యాకులు పూర్తిగా బాగుపడుదురు. రైతు కాలినుండి తీసిన ముక్కను పరీక్షకు పంపియుండినచో ఈ కొలత ఆనాడే తెలిసియుండెడిది.

అరికాలినుండి వెన్నునకు ఈ వ్యాధి ఎట్లు చేరును? కొన్ని కణములు తమ తావును విడిచి, లింఫు నాళముల ద్వారా గజ్జలోని బిళ్ళలకు చేరును. మరికొన్ని రక్తములో కలసి ఊపిరితిత్తులు, కాలేయము, మెదడు, ఎముకలు - ఈ తావులకు పోవును. ఎముకలలో వెన్నుపూసలు వీనికి అనువైన నెలవులు. పెద్దవారిలో చేతులు, కాళ్ళ పొడవైన ఎముకలలోని ఎర్రని మూలుగ చాలవరకు క్రొవ్వుగా మారిపోవును గాని వెన్నుపూసలలో అది నిలిచియుండును. దానికి రక్తప్రసారము మెండు. పైగా వెన్నెముక చుట్టునుగల సిరలలో రక్తమును ఒకే దిక్కునకు నడపు కవాటములు లేవు. అందుచే దగ్గినప్పుడు, ముక్కినప్పుడు రక్తము ఆ సిరలలో వెనుకకును ప్రవహింపగలదు. ఈ మార్గమున కేన్సరు కణములు వెన్నును చేరగలవని అమెరికాకు చెందిన శరీరశాస్త్రజ్ఞుడు ఆస్కార్ బాట్సన్ 1940లో చూపెను. వచ్చి చేరిన కణములు వెంటనే పెరుగునను నియమము లేదు. కొన్ని ఏండ్లతరబడి నిద్రాణముగా నుండి, రోగి తన మచ్చను మరచిన తరువాత మేల్కొనును.

వెన్నుపూసలు ఒకదానిపై నొకటి పేర్చిన గొట్టమువలె ఉండును. ఆ గొట్టములో మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము కలదు. కాళ్ళకు కదలికయు, స్పర్శయు, మలమూత్రములపై అదుపును దాని మూలముననే కలుగుచున్నవి. పూసలో పెరిగిన గడ్డ వెనుకకు ఉబ్బి వెన్నుపామును నొక్కవచ్చును. లేదా గుల్లయైన పూస బరువునకు కుంగి, విరిగిన ముక్క పామును ఒత్తవచ్చును. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేటు గ్రంథుల కేన్సరులు వెన్నునకు ఇంతకంటె తరచుగా ప్రాకును. మెలనోమా సంఖ్యలో తక్కువే. నొక్కుడు ఏ కేన్సరువలన కలిగినను గురుతులు మాత్రము ఒక్కటే.

మొదటి గురుతు నొప్పి. సామాన్యపు నడుమునొప్పి పడుకొనినచో తగ్గును. ఇది పడుకొనినప్పుడు హెచ్చును. రాత్రులందు నిద్ర లేపును. వారము వారమునకు పెరుగుచునే యుండును. దగ్గినను తుమ్మినను పోటు పుట్టును. కొందరికి వీపునుండి బయలుదేరి రొమ్ము చుట్టునో, పొట్ట చుట్టునో పట్టీ బిగించినట్లుండును. దానిని గ్యాసు నొప్పి యని పొరపడుటయు కలదు. రెండవ గురుతు కాళ్ళ బలహీనత. మెట్లెక్కుట కష్టమగును, నేలపై కూర్చున్నవారు చేయూత లేక లేవలేరు, చెప్పు కాలినుండి జారిపోయినను తెలియదు. మూడవది తిమ్మిరి; పాదములనుండి పైకి ప్రాకి, ఒక గీత గీసినట్లు ఒకచోట ఆగును. నాలుగవది మూత్రము బిగబట్టుట లేక తెలియకయే పోవుట, మలబద్ధమును తోడగును. నొప్పి మాత్రమే యున్నప్పుడు కొద్ది దినములలోనే వైద్యుని చూడవలెను. రెండవ గురుతు మొదలైన నాడు ఆ నాడే ఆసుపత్రికి పోవలెను. నాలుగవది కనబడినచో ఆ గంటయే బయలుదేరవలెను.

మా రైతు ఏమి చేసెను? మొదట వీపునకు తైలము పట్టించెను. తరువాత మనుమనిచేత వీపు తొక్కించుకొనెను. కేన్సరుతో గుల్లయైన పూసకు ఇంతకంటె అపాయకరమైనది లేదు. తగ్గని వెన్నునొప్పికి మర్దనయు, తొక్కుడును, విరుపును ఎన్నడును కూడవు.

మన దేశములో ఇట్టి రోగిని చూడగానే వైద్యుని మనస్సులో మెదలునది వెన్నుపూస క్షయ. 1779లో ఇంగ్లీషు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించిన ఆ వ్యాధి మన ప్రాంతములలో నేటికిని ఉన్నది. అదియు వెన్నును కుంగదీయును, కాళ్ళను పడవేయును. రెంటికిని భేదము కొంత ఎం.ఆర్.ఐ. చిత్రములో తెలియును. క్షయ సాధారణముగా రెండు పూసలను, వాని నడుమ నుండు మెత్తని పళ్ళెము వంటి డిస్కును కలిపి తినివేయును; కేన్సరు పూసను తిని డిస్కును ప్రాయికముగా విడిచిపెట్టును. అయినను చిత్రము ఒక్కటే చాలదు. ముక్క పరీక్ష లేకుండ క్షయ మందులు వాడుచు నెలలు గడపినచో, అది కేన్సరైనప్పుడు తిరిగిరాని కాలము నష్టమగును. అట్లే కేన్సరని నిరాశచెంది యింటికి పోయినచో, అది క్షయ యైనప్పుడు మందులతో బాగుపడదగిన మనిషిని పోగొట్టుకొందుము. ఇందుచేతనే పాత మచ్చ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆయన అడుగకపోయినను మనమే చెప్పవలెను. 'నాలుగేండ్ల క్రితము అరికాలిలో నల్లమచ్చ తీయించితిని' అను ఒక్క మాట వైద్యుని ఆలోచనను సరియైన త్రోవకు మరల్చగలదు.

ఇక పరీక్షలు. వైద్యుడు మొదట వెన్నుపూసలను ఒక్కొక్కదానిని తట్టి నొప్పి స్థానమును గుర్తించును. కాళ్ళ బలమును, స్పర్శను పరీక్షించును. మోకాలిని చిన్న సుత్తితో కొట్టి చూచును. మామూలు ఎక్సురే సరిగా నున్నంతమాత్రమున వ్యాధి లేదనరాదు. ఎముకలోని ఖనిజము ఇంచుమించు మూడవవంతుకు పైగా నశించినగాని ఎక్సురేలో మార్పు స్పష్టముగా కనబడదు. ఈ వ్యాధిని చూపుటకు ఎం.ఆర్.ఐ. శ్రేష్ఠమైనది. నొప్పి ఉన్నచోట మాత్రమే గాక, మెడనుండి త్రికాస్థివరకు వెన్నంతయు తీయించవలెను. ఏలయనగా గడ్డ ఒకటికంటె ఎక్కువచోట్ల ఉండుట సామాన్యము. తరువాత సి.టి. యంత్రము సహాయముతో పూసలోనికి సన్నని సూదిని పంపి ముక్క తీయుదురు. ప్రత్యేక రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు అది మెలనోమా యగునో కాదో తేలును. ఆ ముక్కలోనే బి.ఆర్.ఎ.ఎఫ్. అను జన్యువు మారినదా యని చూతురు. దాని ఉపయోగము ముందు చెప్పుదుము. ఊపిరితిత్తులు, కాలేయము, మెదడు మొదలగు అవయవములకును పరీక్షలు చేసి, వ్యాధి ఎంతవరకు వ్యాపించినదో నిర్ణయింతురు.

చికిత్సలో మొదటి పని వెన్నుపామును కాపాడుట. నొక్కుడు ఉన్నదని తెలియగానే డెక్సామెథసోను అను స్టెరాయిడు మందు నిత్తురు. అది వాపును తగ్గించి కొంత వ్యవధి కల్పించును. కేన్సరును నయము చేయునది కాదు. పూస నిలకడ తప్పినచో రోగిని వెల్లకిల పడుకొనబెట్టి, దుంగను దొర్లించినట్లు ఒకే కట్టుగా ప్రక్కకు త్రిప్పవలెను. పామును నొక్కుచున్న గడ్డను శస్త్రచికిత్సతో తొలగించి, లోహపు కడ్డీలతో వెన్నును నిలబెట్టు విధానము కలదు. అమెరికాలో పాచెల్ అను వైద్యుడును, ఆయన సహచరులును 2005లో ప్రకటించిన పరిశోధన ఇందుకు ఆధారము. వేర్వేరు కేన్సరులతో వెన్నుపాము నొక్కుడుపడిన 101 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు శస్త్రచికిత్సయు తరువాత రేడియేషనును, రెండవ వర్గమునకు రేడియేషను మాత్రమును ఇచ్చిరి. చికిత్సానంతరము మొదటి వర్గములో నూటికి 84 మంది, రెండవ వర్గములో నూటికి 57 మంది నడువగలిగిరి. అయితే శస్త్రచికిత్స అందరికిని తగదు. రోగి బలము, వ్యాధి వ్యాప్తి, మిగిలియున్న ఆయువు చూచి వైద్యులు నిర్ణయింతురు.

జనులు 'కరెంటు పెట్టుట' అని చెప్పు రేడియేషను రెండవ సాధనము. ఇందు విద్యుత్తు శరీరమునకు తగులదు. కంటికి కనబడని కిరణములు గడ్డపై పడును. మెలనోమా ఈ కిరణములకు అంత సులభముగా లొంగదని వెనుకటి అభిప్రాయము. నేడు వెన్నుపామునకు తగులకుండ, గడ్డకు మాత్రమే పెద్ద మోతాదును గురిపెట్టి యిచ్చు యంత్రములు వచ్చుటచే ఆ కష్టము చాలవరకు తగ్గినది. నొప్పి యుపశమించుటకు ఒక్క విడతలో ఇచ్చు రేడియేషను కూడ పలువురకు చాలును.

వెన్నును నిలబెట్టినంత మాత్రమున శరీరమంతట ప్రాకిన వ్యాధి పోదు. దానికి మందులు కావలెను. చిరకాలము ఈ విషయములో వైద్యులు నిస్సహాయులుగనే యుండిరి. 1975లో అమెరికాలో అనుమతి పొందిన డకార్బజీను అను మందు కొద్దిమందికే పనిచేసెడిది. 2011 తరువాత పరిస్థితి మారినది. మన శరీరములో వ్యాధికణములను చంపు రక్షకకణములు కలవు. అవి హద్దుమీరి సొంత శరీరమునే చంపకుండుటకు ప్రకృతి వానికి కళ్ళెములు తగిలించినది. కేన్సరు ఆ కళ్ళెములను పట్టి లాగి రక్షకకణములను నిలిపివేయును. ఆ కళ్ళెములను సడలించు మార్గమును కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసనుకును, జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజోకును 2018లో నోబెల్ బహుమానము లభించెను. ఇపిలిముమాబ్, నివొలుమాబ్, పెంబ్రొలిజుమాబ్ అనునవి ఈ తరగతి మందులు. మొదటి రెంటిని కలిపి తీసికొన్న ముదిరిన మెలనోమా రోగులలో పదేండ్ల తరువాత నూటికి 43 మంది జీవించియుండిరని 2024లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధన తెలిపినది. పూర్వము ఇట్టి రోగులు సగటున ఏడాదియైనను బ్రతుకుట కష్టముగా నుండెడిది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరుకు 2015లో మెలనోమా కాలేయమునకును మెదడునకును ప్రాకెను. పెంబ్రొలిజుమాబ్‌తోను రేడియేషనుతోను చికిత్స పొంది, ఆయన 100 ఏండ్లు నిండిన పిమ్మట 2024 డిసెంబరులో మరణించెను.

ముందు చెప్పిన బి.ఆర్.ఎ.ఎఫ్. జన్యువు మారియున్నచో డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అను మాత్రలను కలిపి వాడుదురు. ఇవి గడ్డను త్వరగా కుదించును గాని కాలక్రమమున పలువురిలో పట్టు కోల్పోవును. తెల్లజాతివారి మెలనోమాలలో ఇంచుమించు సగమునకు ఈ మార్పు ఉండును. అరికాలి మెలనోమాలో ఇంతకంటె తక్కువ. కళ్ళెము సడలించు మందులును అరికాలి రకముపై అంత బలముగా పనిచేయవు. ఆ మందులవలన పేగులకు, కాలేయమునకు, థైరాయిడు మొదలగు గ్రంథులకు వాపు రావచ్చును. విరేచనములు, ఆయాసము కలిగిన వెంటనే వైద్యునికి తెలుపవలెను. వాని ధరయు మిక్కిలి హెచ్చు. ఈ సంగతులు దాచి ఆశ మాత్రమే చూపుట న్యాయము కాదు. వెన్నునకు ప్రాకిన మెలనోమా పూర్తిగా నయమగుట నేటికిని కొద్దిమంది విషయములోనే సాధ్యము. కాని నొప్పి లేకుండుట, తన కాళ్ళపై తాను నడచుట, మంచి మాసములును, కొందరికి సంవత్సరములును లభించుట - ఇవి చాలమందికి సాధ్యమే.

ఖర్చు విషయమై ఒక మాట. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో మొదలైన ఆరోగ్యశ్రీ ఏర్పాటు నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను వేర్వేరు పథకములుగా సాగుచున్నది. ఏ చికిత్స దాని క్రిందికి వచ్చునో ఆసుపత్రిలోని పథకపు సహాయకులను మొదటనే అడుగవలెను. హైదరాబాదులో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వ రంగమున ఈ వ్యాధికి చికిత్స చేయు పెద్ద సంస్థ.

ఇంటివారు చేయవలసినదియు కొంత కలదు. కాళ్ళు పడిపోయినవారిని ప్రతి రెండు గంటలకు ప్రక్క మార్చి పడుకొనబెట్టినగాని వీపున పుండ్లు పడును. మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచవలెను. నొప్పికి మార్ఫిను ఇచ్చినచో అలవాటగునని భయపడి మాన్పించరాదు. వైద్యుని పర్యవేక్షణలో కేన్సరు నొప్పికి అది తగిన మందు. ఈ మందు రోగులకు సులభముగా అందవలెనని 2014లో మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును సవరించినది.

మా రైతు కథకు రెండు ముగింపులు కలవు. మొదటిదానిలో, చెప్పు జారిపోవుచున్నదని గమనించిన ఆయన భార్య ఆ సాయంకాలమే బండి కట్టించి ఆసుపత్రికి తీసికొనిపోయి, మచ్చ సంగతి కూడ చెప్పినది. ఆయన నడచుచునే లోపలికి పోయెను. రెండవదానిలో, సంతరోజు దాటిన తరువాత చూతమని ఆగిరి. మూడవనాడు మంచముపై మోసికొని పోయిరి. చికిత్స ఇరువురికిని ఒక్కటే. ఫలము ఒక్కటి కాదు. నడువగలిగినప్పుడు చికిత్స మొదలైనవారిలో పెక్కుమంది తరువాతను నడుతురు. కాళ్ళు పూర్తిగా పడిపోయి రెండు దినములు గడచిన తరువాత వచ్చినవారిలో తిరిగి నడచువారు మిక్కిలి కొద్దిమంది. ఎన్ని క్రొత్త మందులు వచ్చినను ఈ సత్యము మారలేదు.

కావున శ్రోతలకు మా మనవి. నెలకొకమారు, తలంటి పోసుకొను నాడు, అరికాళ్ళను, అరచేతులను, గోళ్ళను వెలుతురులో చూచుకొనుడు. వృద్ధులకు ఇంటిలోని పిల్లలు చూచిపెట్టవచ్చును. శరీరమునుండి తీసిన ఏ మచ్చనైనను పరీక్షకు పంపుమని అడుగుడు. పరీక్ష ఫలితపు కాగితమును ఇంటి పత్రములతో పాటు భద్రపరచుడు. వెన్నునొప్పి తగ్గక రాత్రులందు హెచ్చినచో ఆ కాగితమును తీసికొని వైద్యునివద్దకు పొండు. కాళ్ళు తడబడిననాడు తెల్లవారనిమ్మని ఆగవలదు.